కాన్పు గదిలో నర్సు చేతికి అధికారం ఇవ్వండి

ములుగు, ఏటూరునాగారం వైపు పీహెచ్‌సీలో అర్ధరాత్రి కాన్పు అయితే తల్లి పక్కన ఉండేది స్టాఫ్ నర్సే. డాక్టర్ ఫోన్ ఎత్తేదాకా ఇంజక్షన్ కోసం ఆగాల్సి వస్తే ఆమెకు ఎంత శిక్షణ ఇచ్చినా దండగే. అందుకే ముందుగా, ఎవరినీ అడగకుండా నర్సు చేయాల్సిన పనులు రాసి, మెడికల్ ఆఫీసర్ సంతకంతో గోడకు అతికించండి. అందులో ఇవి తప్పక ఉండాలి:

బిడ్డ బయటపడ్డ నిమిషంలోపు, కడుపులో ఇంకో బిడ్డ లేదని చూసి, ఆక్సిటోసిన్ (గర్భసంచిని ముడుచుకునేలా చేసి రక్తస్రావం ఆపే మందు) 10 యూనిట్లు కండరానికి. మన దగ్గర ఎక్కువగా దొరికేది 5 యూనిట్ల ఆంప్యూల్ (ఇంజక్షన్ మందుండే చిన్న గాజు సీసా), అంటే రెండు కావాలి. హడావుడిలో ఒక్కటే ఎక్కించడం తరచూ జరిగే తప్పు. ఇదే మందును నొప్పులు పెంచడానికని కాన్పుకు ముందు కండరానికి ఇస్తే గర్భసంచి పగలొచ్చు, బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. అది ఎవరు చెప్పినా చేయొద్దు.

బీపీ పెరిగి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు: ఒక్కో పిరుదుకు 5 గ్రాములు, లోతుగా. 2 మి.లీ.లో 1 గ్రాము ఉండే ఆంప్యూళ్లయితే మొత్తం పది. ఆ పదీ, రెండు 10 మి.లీ. సిరంజిలూ ఒకే డబ్బాలో పెట్టండి. ఇంజక్షన్ పడుతుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

ఆక్సిటోసిన్ ఎండకు పాడవుతుంది. మే నెలలో ట్రేలో వదిలేసిన ఆంప్యూల్ చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లోనే ఉంచండి, గడ్డకట్టనివ్వద్దు, పొద్దున సాయంత్రం డిగ్రీలు రాయండి.

మాయ పడ్డాక మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకు పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి. గర్భసంచి గట్టి బంతిలా తగలాలి. మెత్తగా ఉంటే మర్దన చేయండి, మూత్రం పోయించండి. నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు. రక్తాన్ని కంటి అంచనాకు వదలొద్దు, కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు పరవండి. 500 మి.లీ. దాటితే అది రక్తస్రావమే. డ్యూటీ మారేటప్పుడు ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కాబట్టి అప్పగింత రిజిస్టర్ దగ్గర కాదు, మంచం దగ్గరే జరగాలి, ఇద్దరు నర్సులూ పొట్ట తాకి చూడాలి.

ఇక పోస్టింగ్ సంగతి. 2018 జాతీయ మార్గదర్శకాల ప్రకారం నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ (మామూలు కాన్పులు తానే చేయించే నర్సు) శిక్షణ 18 నెలలు. అంత నేర్చుకున్న సిస్టర్‌ను మేల్ వార్డుకు రొటేషన్ వేయడం అన్యాయం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సిజేరియన్లు 60.7 శాతం. మామూలు కాన్పుకు ఓపికగా పక్కన నిలబడే మనిషి మనకు ఎంత అవసరమో ఆ అంకె చూస్తే తెలుస్తుంది. ఆమె పేరును రొటేషన్ చార్ట్ నుంచి ఈ నెలే తీయించండి.