దేవిడీలో మ్యూజియం పెట్టాలంటే ముందు గోడ సంగతి చూడండి

హైదరాబాద్ పాతబస్తీలో మిగిలిన దేవిడీని, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతిని, కూల్చకుండా, అందులో రెండు గదులు మ్యూజియంగా మార్చాలనుకునేవాళ్లు ముందుగా గాజు బీరువాలకు ఆర్డరిస్తారు. ఆ డబ్బు మిద్దెకూ గోడలకూ పెట్టండి. కురిసే ఇంట్లో ఎంత మంచి బీరువా అయినా బూజు పెట్టె అవుతుంది.

మంచి వాన పడ్డప్పుడు మిద్దె ఎక్కి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో ఫొటోలు తీసుకోండి. పిట్టగోడలో రావి మొక్క ఉంటే పీకొద్దు, వేరుతోపాటు గచ్చూ లేచి వస్తుంది. మొదలు కోసేసి, వేరు చచ్చాకే సందు పూడ్చాలి.

గోడ చెమ్మ ఎక్కడిదో తేల్చడానికి అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. లోపలివైపు నీటి బొట్లు కడితే చెమ్మ గోడలోది. పైన కడితే గదిలో గాలి ఆడటం లేదని అర్థం, కిటికీలు తెరిస్తే సగం తీరుతుంది.

పెచ్చులూడిన చోట సిమెంటు మాత్రం వద్దు. మేస్త్రి "గట్టిగా ఉంటుంది సార్" అంటాడు. ఆ గట్టిదనమే చేటు. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గోడ చెమ్మను పీల్చి వదులుతుంటుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ బయటికి దారిలేక పైకి పాకి, ఉప్పు తెల్లగా ఉబికి, పాత ఇటుకనే పొడి చేస్తుంది. పదిహేను రోజులైనా నీళ్లలో నానిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు కలపండి. చెమ్మ తగిలే చోట ఇసుకలో సగం బదులు సుర్కీ (ఇటుక పొడి) వేయండి. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు. వారం రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచండి. తొందరపడి ఎండకు వదిలేస్తే నెర్రెలు ఖాయం. పైన ప్లాస్టిక్ పెయింటు కాదు, సున్నమే వేయాలి.

వస్తువులకు వస్తే, బిద్రీ హుక్కాను (నల్లటి లోహం మీద వెండి పొదిగిన పని) చింతపండుతో తోమకండి. దాని అందమంతా ఆ నలుపులోనే ఉంది, పులుపు తగిలితే అది పోయి కింది జింకు తేలుతుంది. మెత్తని పొడి నూలుగుడ్డ చాలు. ఫర్మానాలు (రాజాజ్ఞల కాగితాలు), పాత ఫొటోలు, తేలియా రుమాళ్ల (నూనె పట్టించిన నూలుతో నేసిన బట్టలు) మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వకండి. మూడు నెలలకోసారి మార్చి వేరేవి పెట్టండి. ఫ్రేములను బయటి గోడకు ఆనించకుండా రెండంగుళాలు ఎడంగా వేలాడదీయండి.

ఎవరైనా వస్తువు తెస్తే అది దానమా, చూపించడానికి ఇచ్చిందా అన్నది ఆ రోజే కాగితం మీద రాయించుకోండి. లేదంటే మనవడి కాలంలో పేచీ వస్తుంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి పురావస్తువుల కిందికి వస్తాయి. వీటిలో కొన్ని రకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పురావస్తు శాఖలో అడిగాకే తీసుకోండి.

వచ్చిన ప్రతిదానికీ నంబరు ఉండాలి. కాగితానికైతే వెనక మూలన 2బి పెన్సిల్‌తో రాయండి, బట్టకు నూలు పట్టీ కుట్టండి. స్టిక్కరు జిగురు మరక పోదు. రిజిస్టరు జిరాక్సు మాత్రం వేరే ఇంట్లో, మేడమీద ఉంచండి. 1908 వరదలో మూసీ ఎంత దూరం వచ్చిందో ఈ ఊరికి తెలుసు.