సముద్రపు చేపలో పురుగు కనిపిస్తే

సముద్రంలో పట్టిన చేపకు పురుగులు ఉండటం మామూలే. వాటిలో మనిషిని నిజంగా ఇబ్బంది పెట్టేవి కొన్నే. ముందుగా చూసుకోవలసింది అనిసాకిస్ అనే పురుగు.

పొట్ట చీల్చగానే పేగుల మీద, కాలేయం మీద వెలుతురు పడేలా పట్టి చూడండి. 2-3 సెంటీమీటర్ల పొడవున్న సన్నటి తెల్ల పురుగు వాచీ స్ప్రింగులా చుట్టుకుని ఉంటే అది అనిసాకిస్ లార్వా, అంటే పిల్ల పురుగు. ఎర్రటి గోధుమ రంగులో, ఇంకాస్త పొడవుగా, కాడ్ లాంటి చేపల కండలో కనిపించేది సూడోటెర్రనోవా అనే మరో పురుగు. జాగ్రత్తలు రెండింటికీ ఒకటే.

చేప చచ్చాక పేగుల దగ్గరి లార్వాలు కొన్ని కండలోకి పాకుతాయి. అందుకే పట్టిన వెంటనే పేగులు తీసి, పొట్ట లోపల కడిగి, ఐసులో పెట్టాలి. కండలోకి చేరినవి ఎక్కువగా పొట్ట భాగంలోనే ఉంటాయి కాబట్టి ఆ పలుచటి కండను కోసి పారేయడమే మేలు.

తర్వాత తోలు, ముళ్లు తీసిన ముక్కను కింద దీపం ఉన్న తెల్లటి యాక్రిలిక్ పలక మీద పరచండి. పలకకు 30 సెంటీమీటర్ల ఎత్తున 1,500 లక్స్ (వెలుతురు కొలమానం) వెలుతురు అందాలి, ముక్క మందం 3 సెంటీమీటర్లు దాటకూడదు. నల్ల కండ చేపల్లోంచి వెలుతురు సరిగా దూరదు. తెల్ల కండలో కూడా లోతుగా దాగినవి తప్పించుకుంటాయి. పురుగు కనబడలేదంటే లేదని కాదు.

చంపడానికి నమ్మదగినవి వేడి, గడ్డకట్టించడం. వండితే ముక్క నడుమ 63 డిగ్రీల సెల్సియస్ రావాలి; థర్మామీటర్ మొనను అన్నిటికన్నా మందమైన చోట గుచ్చి చూడండి. మైక్రోవేవ్‌లో వేడి సమానంగా పాకదు, అక్కడక్కడా చల్లగా మిగిలిపోతుంది. పచ్చిగా తినే చేపనైతే మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉంచాలి, లేదా మైనస్ 35 దగ్గర పూర్తిగా గడ్డకట్టించి అక్కడే 15 గంటలు ఉంచాలి. ఇంటి ఫ్రీజర్లు చాలావరకు మైనస్ 18 దగ్గరే ఆగుతాయి, తలుపు తీసినప్పుడల్లా లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. వాటిని నమ్ముకుని పచ్చిది తినొద్దు. నిమ్మరసం, వెనిగర్‌లో కాసేపు నానబెట్టినా, పైపైన ఉప్పు పట్టించినా, చల్లటి పొగ పట్టినా పురుగు బతికే ఉంటుంది.

కండలో తెల్లటి తిత్తులు కనిపిస్తే చాలాసార్లు అవి బద్దెపురుగుల లార్వాలు. చూడటానికి వెగటే, అక్కడి వరకు కోసేసి మిగతాది వండుకోవచ్చు. నోట్లోనో మొప్పల్లోనో కాళ్లున్న ఐసోపాడ్ (రొయ్యల కోవకు చెందిన చిన్న జీవి) ఉంటే లాగేస్తే సరి. తాజా చేపే కొన్ని గంటల్లో ముద్దగా జారిపోతే కుడోవా అనే కంటికి కనిపించనంత చిన్న పరాన్నజీవిని అనుమానించండి. దాని ఎంజైములు కండను కరిగిస్తాయి, సన్న సెగ మీద వండితే మరింత పనిచేస్తాయి. అలాంటిది పక్కన పెట్టేయడమే.

అనిసాకిస్ పడనివారికి చచ్చిన పురుగుతోనూ దద్దుర్లు, ఉబ్బసం రావచ్చు. పచ్చి చేప తిన్న కొన్ని గంటల్లో పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పి, వాంతులు మొదలైతే పచ్చి చేప తిన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. పురుగును ఎండోస్కోపీతో (నోటి గుండా పంపే కెమెరా గొట్టంతో) పట్టి తీసేస్తారు.