రెండు సర్వర్లతో ఐస్కజీ స్టోరేజీ క్లస్టర్ అమర్చే పద్ధతి

ఐస్కజీ (iSCSI, నెట్‌వర్క్ మీదుగా డిస్కులను వాడుకునే పద్ధతి) ద్వారా డిస్కులను అందించే సర్వర్ ఒక్కటే ఉంటే, అది ఆగిన క్షణమే దానిపై నడిచే డేటాబేసులు, వర్చువల్ మెషీన్లు నిలిచిపోతాయి. లినక్స్‌లో ఈ ఇబ్బందిని తప్పించడానికి రెండు సర్వర్ల డిస్కులను ఒకేలా ఉంచే డీఆర్‌బీడీ (DRBD), సర్వర్ల మధ్య సంకేతాలు నడిపే కోరోసింక్, ఏ సేవ ఏ సర్వర్‌పై నడవాలో నిర్ణయించే పేస్‌మేకర్ అనే మూడు సాఫ్ట్‌వేర్లు కలిసి పనిచేస్తాయి.

ముందుగా రెండు సర్వర్ల డిస్కులను డీఆర్‌బీడీ ‘సి’ ప్రోటోకాల్‌తో జతచేయాలి. ఈ పద్ధతిలో రెండు వైపులా డేటా నమోదైన తర్వాతే రాత పూర్తయినట్టు లెక్క. కోరోసింక్ సంకేతాలకు వేర్వేరు స్విచ్‌ల మీదుగా రెండు నెట్‌వర్క్ దారులు ఇవ్వడం మేలు.

చాలామంది వాయిదా వేసేది ఫెన్సింగ్‌నే (జవాబివ్వని సర్వర్‌ను బలవంతంగా ఆపే ఏర్పాటు), కానీ అసలు రక్షణ అదే. సంబంధం తెగినప్పుడు రెండు సర్వర్లూ తామే ప్రధానమని భావించి విడివిడిగా రాయడం మొదలుపెడితే డేటా రెండు పాయలవుతుంది కనుక, ఎదుటి సర్వర్ ఆగిపోయిందని నిర్ధారించుకునే ఏర్పాటు తప్పనిసరి. దీనికి ఐపీఎంఐని (IPMI, సర్వర్‌లోనే ఉండి దాన్ని దూరం నుంచి ఆపడానికి వీలిచ్చే యంత్రాంగం) మాత్రమే నమ్మితే, సర్వర్‌కు విద్యుత్తు పూర్తిగా పోయినప్పుడు ఐపీఎంఐ కూడా జవాబివ్వదు, రెండో సర్వర్‌కు పని మార్పిడి అక్కడే ఆగుతుంది. అందువల్ల నియంత్రించదగిన పవర్ స్ట్రిప్‌ను రెండో మార్గంగా ఉంచాలి.

పేస్‌మేకర్‌లో డీఆర్‌బీడీ, టార్గెట్ (క్లయింట్లు చేరే ఐస్కజీ సేవ), లాజికల్ యూనిట్ (దానిద్వారా అందే డిస్కు), చివరగా ఏ సర్వర్ నడుస్తుంటే దానికి వెళ్లే ఉమ్మడి ఐపీ చిరునామా అన్న ప్రారంభ క్రమాన్ని నిర్దేశించాలి. టార్గెట్ పేరు, డిస్కు క్రమసంఖ్య రెండు సర్వర్లలోనూ ఒకటే కావాలి.

డిస్కులను వాడుకునే వైపు ఉండే ఓపెన్-ఐస్కజీ క్లయింటు, తెగిన సెషన్ (కనెక్షన్) తిరిగి కలవడం కోసం సాధారణంగా 120 సెకన్లు వేచిచూస్తుంది. మార్పిడి అంతలోపే ముగుస్తోందో లేదో, రాతలు జరుగుతుండగా విద్యుత్ తీగ పీకి పరీక్షించాలి.