అడ్మిషన్ ఫారం అచ్చుకు పంపే ముందు జాగ్రత్తలు

కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లు ఫారం ప్రెస్‌కు పంపే ముందు ఇవి చూసుకోండి.

- ప్రతి గడి దగ్గరా ఆగి, ఇది మనకెందుకు అని అడగండి. కులం, తండ్రి జీతం తెలియకపోయినా పాఠం చెప్పొచ్చు. కొట్టేయండి.

- 18 ఏళ్లు నిండని పిల్లల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఇంటర్ పిల్లలు దాదాపు అందరూ ఇందులోకే వస్తారు. ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే నోటీసు తెలుగులోనూ ఇవ్వండి. చదవలేని కాగితం మీద ఆ అమ్మ చేత సంతకం పెట్టించుకోవడం అన్యాయం.

- ఆధార్ జిరాక్సుల వెనకవైపు టైంటేబుల్ ప్రింట్ చేసి పంచడం నేను కళ్లారా చూశాను. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయండి.

- ఫారాల ఫొటోలు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వద్దు.

- డేటా బయటికి పోతే, పైన చెప్పిన చట్టం కింద ఏర్పాటైన డేటా రక్షణ బోర్డుకూ, తల్లిదండ్రులకూ చెప్పాలి. భద్రత సరిగా లేదని తేలితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంటుంది.