గోడ దూకిన ఎమ్మెల్యే పదవి ఉంటుందా, ఊడుతుందా? లెక్క మీరే తేల్చుకోండి

ఆంధ్రలోనో తెలంగాణలోనో ఒక ఎమ్మెల్యే కండువా మార్చాడంటే చాలు, ఇక్కడ బెంగళూరులో కేఆర్ పురం, మారతహళ్లి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వాదన మొదలవుతుంది. దీనికి టీవీ చర్చలు అక్కర్లేదు. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, కొద్ది పేజీలే, ఓపికగా చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. అది పక్కన పెట్టుకుని నాలుగు సంగతులు కాగితం మీద రాయండి: ఏ టికెట్టు మీద గెలిచారు, ఏ తేదీన ఏం చేశారు, ఆ రోజుకి శాసనసభా పక్షం (సభలో ఆ పార్టీ సభ్యులంతా) బలం ఎంత, స్పీకర్ దగ్గర ఫిర్యాదు ఉందా.

టికెట్టు సంగతి తేలిక. పార్టీ గుర్తు మీద గెలిచినవాళ్లు ఆ పార్టీని వదిలితే అనర్హులు. స్వతంత్రులు గెలిచాక ఏ పార్టీలో చేరినా అనర్హులే, బయటి నుంచి మద్దతిస్తే మాత్రం కాదు. మంత్రి పదవి తీసుకున్నంత మాత్రాన పార్టీలో చేరినట్టు కాదని కర్ణాటక స్వతంత్రుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నామినేటెడ్ సభ్యులకు 6 నెలల గడువుంటుంది, ఆలోపు ఏ పార్టీలోనైనా చేరవచ్చు.

అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది. చట్టంలో వేటుకు రెండు దారులున్నాయి. ఒకటి విప్ ధిక్కరణ. పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగ్‌కు దూరంగా ఉన్నా ఇది వర్తిస్తుంది. అయితే 15 రోజుల్లోపు పార్టీ క్షమిస్తే కేసు ఉండదు. కాబట్టి ఓటింగ్ తేదీ నుంచి 15 రోజులు లెక్కపెట్టుకోండి. విప్ ఎవరు జారీ చేశారో కూడా చూడాలి. ఆ అధికారం అసలు రాజకీయ పార్టీదే తప్ప శాసనసభా పక్షంలోని చీలిక వర్గానిది కాదని మహారాష్ట్ర కేసులో 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది: రాజ్యసభ ఎన్నికలో క్రాస్ ఓటింగ్ చేస్తే పదవి పోతుందనుకోవడం. అది సభలో జరిగే ఓటింగ్ కాదు, పదో షెడ్యూలు దానికి వర్తించదు. 2024 ఫిబ్రవరిలో యశవంతపుర బీజేపీ ఎమ్మెల్యే సోమశేఖర్ క్రాస్ ఓటింగ్ చేశారు. 2025లో పార్టీ ఆయన్ని బహిష్కరించింది తప్ప, ఆ ఓటు వల్ల సీటు పోలేదు. బహిష్కరణతో చట్టం నుంచి బయటపడినట్టు కూడా కాదు. అలా బయటికి వెళ్లినవాళ్లు మరో పార్టీలో చేరితే, గెలిపించిన పార్టీని వదిలినట్టే లెక్క అని 1996లో తమిళనాడుకు చెందిన జి. విశ్వనాథన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండో దారి 'సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకోవడం'. రాజీనామా లేఖ ఉంటేనే ఇది వర్తిస్తుందనుకునేవాళ్లు చాలామంది. అలా కాదు, నడవడికను బట్టి కూడా తేల్చవచ్చని 1994లో రవి నాయక్ కేసు తీర్పు చెబుతోంది. అందుకే వేదిక మీద కండువా కప్పుకున్న ఫొటో, ప్రత్యర్థి పార్టీ ప్రచారంలో పాల్గొన్న వీడియో సాక్ష్యాలవుతాయి. తేదీలతో సహా దాచిపెట్టుకోండి.

ఇక్కడ రెండు కేసులు పక్కపక్కన పెట్టి చదవాలి. 2010 అక్టోబర్ 6న కర్ణాటకలో 11 మంది బీజేపీ ఎమ్మెల్యేలు ముఖ్యమంత్రి యడియూరప్పకు మద్దతు ఉపసంహరిస్తున్నామని గవర్నర్‌కు లేఖలిచ్చారు. స్పీకర్ 7న నోటీసు ఇచ్చి, 11న బలపరీక్ష ఉండగా 10నే వేటు వేశారు. 2011లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. నాయకుణ్ని వద్దనడం పార్టీని వదలడం కాదంది, ఆ తొందరనూ తప్పుపట్టింది. ఇక చెన్నైకి రండి. 2017 ఆగస్టులో 19 మంది అన్నాడీఎంకే ఎమ్మెల్యేలు ముఖ్యమంత్రి పళనిస్వామిపై అలాంటి లేఖలే గవర్నర్‌కు ఇచ్చారు. ఒకరు వెనక్కి తగ్గారు. మిగతా 18 మందిపై స్పీకర్ ధనపాల్ సెప్టెంబర్ 18న వేటు వేశారు. మద్రాసు హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరోమాటా అన్నారు, మూడో జడ్జి 2018 అక్టోబర్‌లో వేటును సమర్థించారు. 2017 ఫిబ్రవరిలో విశ్వాస పరీక్షలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా నేరుగా ఓటేసిన అదే పార్టీ పన్నీర్‌సెల్వం వర్గం 11 మందికి మాత్రం ఏమీ కాలేదు. లేఖలో ఏముందో ఒక్కటే చూస్తే ఈ తేడా అంతుపట్టదు. నోటీసుకీ ఉత్తర్వుకీ మధ్య ఎన్ని రోజులిచ్చారు, స్పీకర్ ఏ వర్గానికి దగ్గర అనేవి కూడా మీ కాగితం మీద ఉండాలి. ఈ చట్టంలో నిజంగా బాధ కలిగించే భాగం ఇదే.

మూడోది లెక్క. విలీనం పేరుతో తప్పించుకోవాలంటే శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. మూడో వంతు చాలన్న పాత వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది, ఇంకా చాలామంది అదే చెబుతుంటారు. పక్షం బలాన్ని రెండుతో గుణించి మూడుతో భాగించండి, భిన్నం మిగిలితే పై అంకె తీసుకోండి. మొత్తం సభ సంఖ్యతో పనిలేదు. గెలిచిన నాటి బలం కాదు, ఆ రోజుటి బలం చూడాలి. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. 19కి రెండొంతులంటే 12.67, అంటే 13 మంది కావాలి. ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి 2019 జూన్‌లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయడంతో బలం 18 అయింది, 12 మంది సరిపోయారు. సరిగ్గా 12 మందితోనే టీఆర్ఎస్‌లో విలీనం జరిగిపోయింది. అదే నెలలో రాజ్యసభలో టీడీపీ ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలిశారు. అక్కడా అంతే, ఒక్కరు తగ్గినా కుదిరేది కాదు.

నాలుగోది స్పీకర్. ఫిర్యాదు లేనిదే కేసు లేదు. ఫిర్యాదు అందాక సభ్యుడికి సాధారణంగా 7 రోజుల గడువిచ్చి వివరణ అడుగుతారు. నిర్ణయం చెప్పడానికి గడువు మాత్రం చట్టంలో రాయలేదు, అన్నీ అక్కడే పాడవుతాయి. 2014-19 మధ్య ఆంధ్రలో వైసీపీ ఎమ్మెల్యేలు 23 మంది టీడీపీలోకి వెళ్లారు, 2017లో వాళ్లలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. సభ గడువు ముగిసేదాకా అనర్హత తేలలేదు. మూడు నెలలు సబబైన గడువని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జూలైలో 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల విషయంలో తెలంగాణ స్పీకర్‌కూ అదే గడువు పెట్టింది. ఫిర్యాదు తేదీ నుంచి మూడు నెలలు దాటితే కోర్టు వార్తలు చూడటం మొదలుపెట్టండి.

రాజీనామా చేసేస్తే గొడవ ఉండదా అంటే, 2019లో విధాన సౌధ ముందు నడిచిన కథ చూడండి. 15 మంది కాంగ్రెస్, జేడీఎస్ ఎమ్మెల్యేలు రాజీనామాలిచ్చారు. జూలై 23న కుమారస్వామి ప్రభుత్వం 99-105తో పడిపోయింది, ఆ నెలాఖరులోపే స్పీకర్ రమేశ్ కుమార్ వాళ్లతో కలిపి 17 మందిపై వేటు వేశారు. రాజీనామా ఇచ్చినా అంతకుముందు చేసిన ఫిరాయింపు చెరిగిపోదని నవంబర్ 13న సుప్రీంకోర్టు వేటును నిలబెట్టింది. కానీ 2023 దాకా పోటీ చేయకూడదన్న భాగాన్ని కొట్టేసింది. అనర్హులు మళ్లీ ఎన్నికయ్యేదాకా మంత్రి కాలేరు. 'ఎన్నిక' అన్నదే ఇక్కడ కీలకం. హోసకోటెలో ఓడిన ఎంటీబీ నాగరాజ్ శాసనమండలికి ఎన్నికై మంత్రి అయ్యారు. హుణసూరులో ఓడిన విశ్వనాథ్‌ను మండలికి నామినేట్ చేశారు గనుక ఆయన మంత్రి కాలేరని హైకోర్టు చెప్పింది.

సీటు ఖాళీ అయ్యాక 6 నెలల్లో ఉపఎన్నిక జరగాలి. సభ గడువు ఏడాది కూడా మిగలకపోతే అది అవసరం లేదు. ఆ నియోజకవర్గం మీద ఎన్నికల పిటిషన్ (గెలుపును సవాలు చేస్తూ కోర్టులో వేసే కేసు) పెండింగ్‌లో ఉందేమో కూడా చూసుకోండి. 2019 డిసెంబర్ 5న కేఆర్ పురం, శివాజీనగర్ సహా 15 చోట్ల పోలింగ్ జరిగితే, అలాంటి పిటిషన్ వల్ల రాజరాజేశ్వరి నగర్ ఓటర్లు 2020 నవంబర్ దాకా ఎమ్మెల్యే లేకుండానే ఉండాల్సి వచ్చింది.