ఇంటర్వెల్ పరుగుకి టైమింగ్ పాటలోనే పెట్టుకుందాం

ఇంటర్వెల్స్, అంటే కాసేపు వేగంగా, కాసేపు నిదానంగా మార్చి మార్చి పరిగెత్తేటప్పుడు వాచీ చూసుకోవడం నాకు నచ్చదు. గట్టిగా పరిగెడుతూ చెయ్యెత్తి చూస్తే భుజాలు బిగుసుకుంటాయి, అడుగు తడబడుతుంది, పైగా "ఇంకా నలభై సెకన్లుందా" అని టెన్షన్. టైమర్ యాప్ పెడితే ఒక్కోసారి దాని బీప్ పాటలో కలిసిపోతుంది, ఒక్కోసారి బీప్ మోగగానే పాటే ఆగిపోతుంది. అందుకే నేను వర్కవుట్ మొత్తాన్ని ఒకే ఆడియో ఫైలుగా చేసుకుంటాను. హుషారు పాట మొదలైతే పరుగు, నెమ్మది సంగీతం వస్తే నిదానం.

ముందు లెక్క కాగితం మీద వేసుకోండి. నేను ఎక్కువగా చేసేది ఇది: 10 నిమిషాలు వార్మప్, ఆ తర్వాత 2 నిమిషాలు వేగం, 2 నిమిషాలు నిదానం చొప్పున ఆరుసార్లు, చివర్లో 5 నిమిషాలు కూల్‌డౌన్. మొత్తం 39 నిమిషాలు. వేగం మొదలవ్వాల్సింది 10, 14, 18, 22, 26, 30 నిమిషాల దగ్గర.

ఫైలు చేయడానికి ఆడాసిటీ చాలు, అది కంప్యూటర్లో ఆడియోని కోసి అతికించే ఉచిత సాఫ్ట్‌వేర్. స్ట్రీమింగ్ యాప్‌లో సేవ్ చేసుకున్న పాటలు ఇందులో తెరుచుకోవు కాబట్టి మీ దగ్గర ఎంపీ3గా ఉన్నవి కావాలి. పాటల నిడివి చూసి ప్లేలిస్ట్ పేర్చుకుంటే సరిపోదా అంటే, క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే లెక్క తప్పుతుంది. ఒక పాట ముగియకముందే రెండోది మొదలవుతుంది. 6 సెకన్ల క్రాస్‌ఫేడ్‌తో 12 చోట్ల పాట మారితే 72 సెకన్లు పోయినట్టే.

వేగానికి పాట ఎంచుకునేటప్పుడు దాన్ని మొదటినుంచీ పెట్టకండి. చాలా పాటలు మెల్లగా ఎత్తుకుంటాయి, కాళ్లు ఆ ఊపు కోసం ఎదురుచూస్తూ మొదటి ఇరవై సెకన్లు వృథా చేస్తాయి. డ్రమ్స్ అందుకునే చోట కోయండి, అక్కణ్ణించి సరిగ్గా రెండు నిమిషాలు. చివర్లో ఫేడ్ అవుట్ ఒక్క సెకను చాలు. అది సాగితే ఎప్పుడు ఆగాలో తెలియదు. చాలామంది అడుగులు నిమిషానికి 160 నుంచి 180 మధ్య పడతాయి. పాట బీట్ దానికి దగ్గరగా గానీ, అందులో సగంగా గానీ ఉంటే అడుగు దానంతటదే కలుస్తుంది. 15 సెకన్లలో ఎన్ని బీట్లు వచ్చాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. కాస్త తేడా ఉంటే ఆడాసిటీలో పాట వేగం మార్చే చేంజ్ టెంపోతో సరిచేయొచ్చు, శ్రుతి మారదు. నేను ఐదు శాతం దాటనివ్వను, అంతకు మించితే పాట రుచి పోతుందని నా అభిప్రాయం.

నా దృష్టిలో అసలు జాగ్రత్త పడాల్సింది నిదానం భాగం దగ్గరే. అక్కడా దరువున్న పాట పెడితే కాళ్లు దాని వెంటే పోతాయి. ఊపిరి కుదుటపడకుండానే తర్వాతి పరుగు వచ్చేస్తుంది, నాలుగోసారికి ఒంట్లో ఏమీ మిగలదు. నేను వేణువు పెడతాను, ఏమీ పెట్టకుండా రెండు నిమిషాలు ఖాళీగా వదిలేసినా బావుంటుంది.

పాట మారడమే గుర్తు కాబట్టి మాటలు తక్కువే అవసరం. వేగానికి ముందు "మూడు, రెండు, ఒకటి", ఆగడానికి ముందు "పది సెకన్లు", అంతే. ఈ రెండూ మా అమ్మాయి చేత ఫోన్‌లో రికార్డు చేయించాను. తన గొంతు సన్నం, ఎంత హోరులోనైనా తేలి వినిపిస్తుంది. గొంతు ట్రాక్‌ని పాట ట్రాక్‌కి సరిగ్గా కింద పెట్టి, పాటని సెలెక్ట్ చేసి, ఆడాసిటీలోని ఆటో డక్ ఎఫెక్ట్ ఇవ్వండి. మాట వచ్చినప్పుడు పాట దానంతటదే తగ్గి, మళ్లీ పెరుగుతుంది.

ఇదే పద్ధతి 4 నిమిషాల వేగం, 3 నిమిషాల నిదానం నాలుగుసార్లు చేసే నార్వే వర్కవుట్‌కీ బాగా కుదురుతుంది. నాలుగు నిమిషాలంటే దాదాపు ఒక పాట పూర్తిగా పడుతుంది. టబాటా లాంటి వాటికి మాత్రం వద్దు. 1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం వ్యాయామ సైకిళ్ల మీద పరీక్షించిన ఆ పద్ధతిలో 20 సెకన్లు శ్రమ, 10 సెకన్లు విరామం. పాటని అంత చిన్న ముక్కలు చేస్తే వినలేం. ఒకే పాటని నాలుగు నిమిషాలు సాగనిచ్చి దాని మీద బీప్‌లు పెట్టండి: మొదలుకి ఒకటి, ఆగడానికి రెండు. జనరేట్ మెనూలో టోన్ ఉంటుంది, 2,000 హెర్ట్జ్ దగ్గర పెడితే చెవికి బాగా అందుతుంది.

లెక్క ఏమీ వద్దనిపించిన రోజు మామూలు పాటలే పెట్టుకుని పల్లవి వచ్చినప్పుడల్లా వేగంగా, మిగతా అంతా తేలిగ్గా పరిగెత్తండి. 1930లలో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మర్ తీర్చిదిద్దిన ఫార్ట్‌లెక్ కూడా ఇలా స్వేచ్ఛగా వేగం మార్చుకునే పరుగే.

ఫైలు తయారయ్యాక మోనోగా, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చేలా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్లో వేసుకోండి. వాహనాలు తిరిగే చోట నేను ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెడతాను. స్టీరియోలో అయితే రెండో వైపు వాయిద్యాలు వినపడకుండా పోతాయి. మొదటిసారి నడుస్తూ వినండి, ఏ మాట వినపడలేదో, ఏ కోత ముందో వెనకో పడిందో అప్పుడే దొరుకుతుంది.