పార్టిషన్లు మార్చాక కంప్యూటర్ బూట్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

సీ డ్రైవ్ నిండిపోయిందని పక్కనున్న డీ డ్రైవ్‌లోంచి కొంత జాగా తీసి కలుపుతాం. వాడటం లేదు కదా అని లినక్స్ (విండోస్ లాంటి మరో సిస్టమ్) పార్టిషన్‌ని, అంటే డిస్క్‌లో దానికి విడగొట్టిన భాగాన్ని, తీసేస్తాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాక, పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) పెట్టుకుందామని జాగా చేసేవాళ్లూ ఉన్నారు. పని పూర్తయిందని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం నల్ల తెర మీద ఒక ఇంగ్లిష్ వాక్యం తప్ప ఏమీ రాదు. టెన్షన్ పడి షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మొదటి మాట "ఫార్మాట్ కొట్టాలి" అని.

దయచేసి వెంటనే ఒప్పుకోకండి. ఇలాంటి చాలా కేసుల్లో ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు, లెక్కలు అన్నీ డిస్క్ మీద ఉన్నచోటే ఉంటాయి. వాటి దగ్గరికి కంప్యూటర్‌ని తీసుకెళ్లే చిరునామా ఎక్కడో తప్పి ఉంటుంది, అంతే. ఎక్కడ తప్పిందో తెర మీది వాక్యమే చెబుతుంది కాబట్టి ముందు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

ఆ వాక్యం అర్థం కావాలంటే బూట్ (కంప్యూటర్ ఆన్ అయి సిస్టమ్ లేవడం) ఏ వరుసలో జరుగుతుందో తెలియాలి. పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని యూఈఎఫ్‌ఐ అనే స్టార్టప్ ప్రోగ్రామ్ తన దగ్గరున్న బూట్ జాబితా చూసుకుని, డిస్క్‌లోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి వెళ్తుంది. ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉండే చిన్న పార్టిషన్ ఇది. విండోస్ మామూలుగా దీనికి 100 ఎంబీ ఇస్తుంది. అందులోని బూట్‌లోడర్ (విండోస్ బూట్ మేనేజర్ గానీ, లినక్స్ వాళ్ల గ్రబ్ గానీ) తన సెట్టింగుల ఫైలు చదివి, అసలు సిస్టమ్ ఏ పార్టిషన్‌లో ఉందో వెతుకుతుంది. అది దొరికాక సిస్టమ్ లేచి మిగతా పార్టిషన్లను కలుపుకుంటుంది. పాత ఎంబీఆర్ పద్ధతిలో ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉండదు. డిస్క్ మొదటి సెక్టార్‌లోని 512 బైట్లలో 446 బైట్లు బూట్ కోడ్‌కి, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకి పోతాయి. పార్టిషన్లు మార్చినప్పుడు ఈ వరుసలో ఏదో ఒక మెట్టు దగ్గర పాత చిరునామా మిగిలిపోతుంది.

ముందు జాగ్రత్తలు

డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయకండి. విండోస్‌గానీ మరో టూల్‌గానీ "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలా" అని అడిగితే కాదనండి. ఇంకో కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లైవ్ తయారు చేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా వాడిచూసే పద్ధతిలో బూట్ చేయండి. మీ ఫైళ్లు అక్కడ కనిపిస్తే ముఖ్యమైనవి బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఈ ఒక్క పని అయ్యాక మనసు కుదుటపడుతుంది, చేతులు వణకవు.

డ్రైవ్‌కి తాళం గుర్తు కనిపిస్తే అది బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కి వేసే ఎన్‌క్రిప్షన్ తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు ఎన్‌క్రిప్షన్ మనం అడక్కుండానే ఆన్ అయి ఉండొచ్చు. 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలో దొరుకుతుంది, ఫోన్‌లోంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. కీ చేతిలో లేకుండా బూట్ సెట్టింగులు కదపొద్దు.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. కంప్యూటర్‌లోని సిస్టమ్ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయివుంటే పెన్‌డ్రైవ్‌ని కూడా అదే పద్ధతిలో బూట్ చేయాలి. లెగసీలో (పాత బయోస్ పద్ధతిలో) బూట్ చేసి రిపేరు మొదలుపెడితే ఎంత సరిగ్గా చేసినా ఫలితం రాదు.

కింద ఆదేశాలను ఫోన్లో చెప్పినట్టు తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. లినక్స్‌లో చిన్న, పెద్ద అక్షరాల తేడా కూడా పట్టింపే.

"నో సచ్ పార్టిషన్" అని, కింద "గ్రబ్ రెస్క్యూ" అని ఉంటే

అందరినీ ఎక్కువగా భయపెట్టే తెర ఇదే, కానీ చాలావరకు తేలిగ్గా బాగయ్యేది కూడా ఇదే. గ్రబ్‌లోని చిన్న ముక్క లేచింది, మిగతా ఫైళ్లున్న లినక్స్ పార్టిషన్ మాత్రం దానికి దొరకలేదు. మీరే విండోస్‌లోంచి లినక్స్‌ని తీసేసి ఉండొచ్చు. లేదా లినక్స్ ఉన్నచోటే ఉండి దాని నంబరు మారివుండొచ్చు.

లినక్స్‌ని తీసేసినవాళ్లకి: యూఈఎఫ్‌ఐ కంప్యూటర్ అయితే విండోస్ బూట్‌లోడర్‌కి ఏమీ కాలేదు. ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కండి. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 ఎక్కువగా పనిచేస్తాయి. వచ్చిన జాబితాలో విండోస్ బూట్ మేనేజర్‌ని ఎంచుకుంటే విండోస్ వచ్చేస్తుంది. తర్వాత బయోస్ సెట్టింగుల్లో దాన్నే మొదటి వరుసలోకి తెచ్చుకుంటే సరి. పాత ఎంబీఆర్ డిస్క్ అయితే విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ

బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్

అని కొట్టండి. ఇది బూట్ కోడ్‌ని మాత్రమే తిరగరాస్తుంది, పార్టిషన్ల పట్టికని ముట్టుకోదు.

నంబరు మారడం ఎక్కువగా ఎంబీఆర్ డిస్క్‌లలో చూస్తాం. వాటిలో నాలుగు పార్టిషన్ల పరిమితి దాటడానికి చేసే లాజికల్ పార్టిషన్ల నంబర్లు 5 నుంచి మొదలవుతాయి. 5ని తీసేస్తే 6గా ఉన్నది 5 అయిపోతుంది. గ్రబ్ ఇంకా 6 కోసమే చూస్తుంటుంది. రెస్క్యూ ప్రాంప్ట్‌లో పనిచేసే ఆదేశాలు కొన్నే, ట్యాబ్ మీట కూడా పనిచేయదు. ఓపిగ్గా పూర్తిగా టైప్ చేయాలి. "ఎల్ఎస్" అని కొడితే పార్టిషన్ల పేర్లు వస్తాయి. ఒక్కొక్కదాన్నీ

ఎల్ఎస్ (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్

అని అడిగి చూడండి. దేనికి ఫైళ్ల జాబితా వస్తుందో అదే మీది. ఇక

సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్
సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

అని వరుసగా కొడితే పాత మెనూ కనిపిస్తుంది. బూట్‌కి విడిగా పార్టిషన్ పెట్టుకున్నవాళ్లయితే చిరునామాలో "/గ్రబ్" ఒక్కటే రాయాలి, "/బూట్" అక్కర్లేదు. ఇది ఈ ఒక్కసారికే పనిచేస్తుంది. ఉబుంటులోకి వెళ్లగానే టెర్మినల్ తెరిచి "సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ", తర్వాత "సుడో అప్‌డేట్-గ్రబ్" కొట్టండి. మొదటి ఆదేశంలో పార్టిషన్ నంబరు ఉండదు, మొత్తం డిస్క్ పేరే ఇవ్వాలి.

"రెస్క్యూ" అన్న మాట లేకుండా ఉత్త "గ్రబ్" ప్రాంప్ట్ వస్తే "ఎగ్జిట్" అని కొట్టి చూడండి. చాలా యూఈఎఫ్‌ఐ కంప్యూటర్లు జాబితాలో తర్వాత ఉన్న విండోస్‌కి వెళ్లిపోతాయి.

నీలం తెర మీద విండోస్ రికవరీ సందేశం, కింద ఒక కోడ్

ఇక్కడ బూట్ మేనేజర్ లేచింది కానీ దాని సెట్టింగుల ఫైలు బీసీడీ తప్పుదారి పట్టింది. కోడ్ చివరి అక్షరాలు చూడండి. 000ఈ అని ముగిస్తే బీసీడీలో రాసివున్న పార్టిషన్ దొరకలేదని. 000ఎఫ్ అయితే బీసీడీని చదవడమే కుదరలేదని. 0098 అయితే అందులో సిస్టమ్ వివరాలు లేవని. పాత హార్డ్ డిస్క్‌ని ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేసినప్పుడు, సీ డ్రైవ్‌ని జరిపినప్పుడు ఇవి వస్తుంటాయి, ఎందుకంటే బీసీడీ సీ, డీ అనే అక్షరాలను కాకుండా డిస్క్, పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలను గుర్తుపెట్టుకుంటుంది. అవి మారితే దానికి దారి తెలియదు.

మందు మూడింటికీ ఒకటే, బీసీడీని కొత్తగా రాయించడం. యూట్యూబ్ వీడియోలలో ఎక్కువగా చెప్పే "బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్" యూఈఎఫ్‌ఐ కంప్యూటర్లలో తరచూ "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటుంది. దాంతో కుస్తీ పట్టొద్దు. విండోస్ పెన్‌డ్రైవ్‌తో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "డిస్క్‌పార్ట్" కొట్టండి. "లిస్ట్ వాల్యూమ్" అంటే వచ్చే జాబితాలో ఫ్యాట్32 అని, దాదాపు 100 ఎంబీ అని ఉన్నది ఈఎఫ్‌ఐ పార్టిషన్. మీ పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32గానే కనిపించొచ్చు, సైజు చూసి తేడా పట్టుకోండి. దాని నంబరు 3 అనుకుందాం.

సెలెక్ట్ వాల్యూమ్ 3
అసైన్ లెటర్=ఎస్
ఎగ్జిట్

ఇప్పుడు విండోస్ ఏ అక్షరం మీద ఉందో ఖాయం చేసుకోండి. రికవరీలో అక్షరాలు మారిపోతాయి, మీ సీ డ్రైవ్ అక్కడ డీగా ఉండొచ్చు. "డిర్ సీ:\" అని కొడితే విండోస్, యూజర్స్ ఫోల్డర్లు కనిపించాలి. కనిపించకపోతే డీ చూడండి. దొరికాక (డీలో దొరికితే కింద సీ బదులు డీ రాయాలి)

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ

బూట్ ఫైళ్లు తయారయ్యాయన్న వాక్యం వస్తే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. మొదటిసారి బిట్‌లాకర్ కీ అడగొచ్చు, కంగారు పడొద్దు.

యూఈఎఫ్‌ఐ కంప్యూటర్‌లో ఫ్యాట్32 వాల్యూమ్ అసలు కనిపించలేదంటే ఈఎఫ్‌ఐ పార్టిషనే పోయింది. "ఈ 100 ఎంబీ ఎందుకు, వృథా" అనుకుని బయటి పార్టిషన్ టూల్స్‌తో తీసేసేవాళ్లు ఉన్నారు. ఇదీ ప్రమాదకరం కాదు, ఎందుకంటే అందులో మన సొంత ఫైళ్లు ఉండవు. డిస్క్‌పార్ట్‌లో "లిస్ట్ డిస్క్" చూసి, సరైన డిస్క్‌నే ఎంచుకుని, ఖాళీ జాగా ఉంటే

క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=260
ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32
అసైన్ లెటర్=ఎస్

అని చేసి, పైన చెప్పిన బీసీడీబూట్ ఆదేశం ఇవ్వండి. ఇక్కడ ఫార్మాట్ అయ్యేది ఇప్పుడే పుట్టిన కొత్త పార్టిషన్ మాత్రమే. అది మొదటి ఆదేశం వెంటనే, మధ్యలో ఇంకేదీ ఎంచుకోకుండా కొట్టాలి. ఖాళీ జాగా లేకపోతే సీ వాల్యూమ్‌ని ఎంచుకుని "ష్రింక్ డిజైర్డ్=300" అంటే ఆ మేరకు దొరుకుతుంది.

సీ డ్రైవ్ పక్కనే అడ్డంగా ఉండే రికవరీ పార్టిషన్‌ని తీసేసినంత మాత్రాన బూట్ ఆగదు. అయితే రికవరీ మెనూ రాకుండా పోతుంది. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ ఆ పార్టిషన్ చిన్నదిగా ఉందని ఆగిపోవడంతో, దాన్ని 250 ఎంబీ పెంచుకోవడం ఎలాగో మైక్రోసాఫ్టే చెప్పాల్సివచ్చింది.

"బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్"

పాత ఎంబీఆర్ కంప్యూటర్లలో వచ్చేది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పొరపాటున వేరే పార్టిషన్‌ని యాక్టివ్ చేస్తే ఇదే జరుగుతుంది. డిస్క్‌పార్ట్‌లో బూట్ ఫైళ్లుండే సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ని ఎంచుకుని "యాక్టివ్" అంటే చాలు.

విండోస్ 11 కోసం ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో డిస్క్‌ని ఎంబీఆర్ నుంచి కొత్త జీపీటీ పద్ధతికి మార్చాక బూట్ పరికరమే లేదని వస్తే డిస్క్‌లో లోపం వెతకొద్దు. బయోస్‌లో లెగసీని తీసి యూఈఎఫ్‌ఐ పెట్టడం మర్చిపోయి ఉంటారు.

లినక్స్ లేస్తుంది, ఒకటిన్నర నిమిషం ఆగి "ఎమర్జెన్సీ మోడ్" అంటుంది

తెర మీద ఒక పార్టిషన్ కోసం ఎదురుచూస్తున్నట్టు వాక్యం, పక్కన 1 నిమిషం 30 సెకన్ల గడువు. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) దాకా అంతా బాగానే జరిగింది. ఆఖరి మెట్టు దగ్గర, "/ఈటీసీ/ఎఫ్‌స్టాబ్" ఫైలులో రాసివున్న పార్టిషన్ దొరకలేదు. ఆ ఫైలు పార్టిషన్లను యూయూఐడీ అనే పొడవైన సంఖ్యతో గుర్తిస్తుంది. ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారిపోతుంది. రెండో లినక్స్‌ని ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది స్వాప్ పార్టిషన్‌ని (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే జాగా) మళ్లీ ఫార్మాట్ చేస్తే, మొదటి లినక్స్ కూడా ఈ గడువు పూర్తయ్యేదాకా ఆగుతుంది, అయితే ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లకుండా లేస్తుంది. రెండూ సరిగ్గానే ఇన్‌స్టాల్ అయ్యాయి కదా అని జుట్టు పీక్కునేది ఇక్కడే.

పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చి లోపలికి వెళ్లండి. ఉబుంటులో రూట్ ఖాతా లాక్ అయివుందని చెప్పి లోపలికి రానివ్వకపోవచ్చు. అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, లినక్స్ పార్టిషన్‌ని మౌంట్ చేసి (ఫైళ్లు కనిపించేలా తెరిచి) అందులోని ఎఫ్‌స్టాబ్‌ని తెరవాలి. "సుడో బీఎల్‌కేఐడీ" కొడితే ఇప్పుడున్న యూయూఐడీలన్నీ వస్తాయి. ఎఫ్‌స్టాబ్‌లోని ప్రతి సంఖ్యనీ వాటితో పోల్చండి. సరిపోలని వరుసలో కొత్త సంఖ్య రాయండి. ఆ పార్టిషనే ఇప్పుడు లేకపోతే వరుస మొదట్లో # గుర్తు పెట్టండి. డేటా పార్టిషన్ల ఆప్షన్లలో "నోఫెయిల్" చేర్చుకుంటే ఇకపై అవి లేకపోయినా బూట్ ఆగదు. స్వాప్ సంఖ్య మారినప్పుడు ఉబుంటు, డెబియన్లలో "/ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్" అనే ఫైలు ఉందేమో చూసి, ఉంటే అందులోనూ మార్చి, "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ" కొట్టాలి.

డిస్క్ మొత్తం ఖాళీగా కనిపిస్తే

లైవ్‌లో చూసినా పార్టిషన్లే లేవంటే పట్టిక చెడింది. జీపీటీ డిస్క్ తన పట్టికకి ఒక నకలు డిస్క్ చివర దాచుకుంటుంది. జీడిస్క్ అనే లినక్స్ టూల్‌లో "ఆర్" నొక్కి రికవరీ మెనూకి వెళ్లి, "బీ"తో హెడర్‌ని, "సీ"తో పట్టికని ఆ నకలు నుంచి తెప్పించొచ్చు. "పీ" కొట్టి చూసి, అన్నీ మీకు గుర్తున్న సైజుల్లోనే ఉంటే అప్పుడు "డబ్ల్యూ"తో రాయండి. అది కుదరకపోతే ఫ్రాన్స్‌కి చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ ఉంది. ఉచితం, పోయిన పార్టిషన్లను డిస్క్ అంతా గాలించి పట్టుకుంటుంది. ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో అందులోనే చూసుకుని తర్వాతే పట్టిక రాయించాలి.

పార్టిషన్ జరుగుతుండగా మధ్యలో కరెంటు పోయిన కేసు మాత్రం వేరు. సగం డేటా పాత చోట, సగం కొత్త చోట ఉంటుంది. పై ఆదేశాలేవీ దాన్ని అతికించలేవు. డిస్క్‌ని ఇక వాడకుండా, ముందు డీడీరెస్క్యూ అనే టూల్‌తో పూర్తి నకలు వేరే డిస్క్‌లోకి తీసి, ప్రయత్నాలన్నీ ఆ నకలు మీదే చేయాలి. డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తుంటే నకలు కూడా మీరు తీయొద్దు, డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి.

మళ్లీ పార్టిషన్లు మార్చాల్సివస్తే ఛార్జర్ పెట్టి, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి మొదలుపెట్టండి. విండోస్ పార్టిషన్‌ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించండి, లినక్స్‌ది లైవ్‌లోని జీపార్టెడ్‌తో. కుడి అంచుని కదిపితే త్వరగా అయిపోతుంది. ఎడమ అంచుని కదిపితే పార్టిషన్‌లోని డేటా అంతా జరగాలి, గంటలు పట్టొచ్చు. వీలైతే ఎడమ అంచు జోలికి పోవద్దు.